మేడ మీద మూడు రోజులు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ, సింగ్‌నగర్. ఇంకా తెల్లారలేదు.

కరెంటు పోయి చాలాసేపయింది. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉంటున్న మామ్మగారికి ఏదో చప్పుడుకి మెలకువొచ్చింది. కింద ప్లాస్టిక్ బకెట్ ఏదో గేటుకి కొట్టుకుంటోంది. టక్. కాసేపాగి మళ్లీ టక్. వాన హోరు సందులోంచి ఇంకో శబ్దం. సన్నటి మూలుగు.

మల్లి!

మేకుకి తగిలించిన తాళాల గుత్తి అందుకుని, ఫోన్‌లో టార్చి వేసుకుని, కొంగు నడుముకి బిగించి, అరిగిపోయిన రెండు మోకాళ్లనీ బతిమాలుకుంటూ, ఒక చేత్తో గోడని తడుముతూ, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ డెబ్బై రెండేళ్ల ఆ మనిషి ఆ చీకట్లో కిందికి దిగుతుంటే, ఇంకా అయిదు మెట్లుండగానే పాదానికి చల్లగా నీళ్లు తగిలాయి. టార్చి కిందికి దించారు. మెట్లు లేవు. బురదరంగు నీళ్లు సుడి తిరుగుతున్నాయి. వాటి మీద చెప్పులు, పాల ప్యాకెట్లు, ఎవరిదో స్కూలు బ్యాగు.

పోర్టికో రోడ్డుకి రెండడుగుల ఎత్తున ఉంటుంది. ఇప్పుడు అక్కడా మోకాళ్ల పైకే నీళ్లు. ఇనప గ్రిల్ వెనక, చెక్క బల్ల మీద నిలబడి ఉంది మల్లి. తెల్లటి ఒళ్లు, ఒక చెవి మాత్రం గోధుమరంగు. వీధికుక్కల జాతే. తొమ్మిదేళ్లు. బల్ల ఊగుతోంది. నీళ్లు దాని పొట్టకి తగులుతున్నాయి.

గ్రిల్‌కి తాళం వేసి ఉంది.

గుత్తిలో అయిదు తాళంచెవులు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మామ్మగారు ఇంటాయనకి ఫోన్ కొట్టారు. రెండో రింగుకే ఎత్తాడు.

"అబ్బాయ్! నీళ్లొచ్చేశాయిరా. పోర్టికోలోకి కూడా. మల్లి బల్లెక్కి నిలబడింది. తాళం..."

కాలు జారింది. ఫోను చేజారింది. నీళ్లలో ఒక్క క్షణం పచ్చగా వెలిగి, ఆరిపోయింది.

*

హైదరాబాద్, కూకట్‌పల్లి. నాలుగో అంతస్తు ఫ్లాటులో ఇంటాయన మంచం మీద కూర్చుని "హలో, హలో" అంటూనే ఉన్నాడు. గోడలకి నిన్నటి బెలూన్లు ఇంకా వేలాడుతున్నాయి. మనవడి మొదటి పుట్టినరోజు. హాల్లో చుట్టాలు నిద్రపోతున్నారు.

"ఏమైందండీ?" భార్య లేచింది.

"సింగ్‌నగర్లోకి నీళ్లొచ్చాయట."

"మల్లి?"

"తాళం... అన్నారు."

"తాళం తీశారా? తియ్యలేకపోతున్నానన్నారా? సరిగ్గా ఏమన్నారో చెప్పండి!"

ఆయన మళ్లీ కొట్టాడు. స్విచాఫ్. మళ్లీ కొట్టాడు. పక్కింటాయన నంబరు కలవలేదు. ఎదురింటి వాళ్ల నంబరు రింగయింది, ఎవరూ ఎత్తలేదు. మూడోసారికి అదీ స్విచాఫ్.

శుక్రవారం సాయంత్రం బయల్దేరేటప్పుడు అన్నీ పక్కాగా చూసుకునే వచ్చారు. అసలు మల్లిని వెంట తీసుకురమ్మనే కూతురు పట్టుబట్టింది. కానీ రైల్లో కుక్కని తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మనమే బుక్ చేసుకోవాలి. లేదంటే గార్డు పెట్టెలో ఉండే డాగ్ బాక్సులో పెట్టి పంపాలి. ఆ ఇనప గూట్లో, ఆ చప్పుడులో, ఆరేడు గంటలు! నిరుడు ఒకసారి బోర్డింగ్‌లో వదిలారు. తెచ్చుకునేసరికి పక్కటెముకలు తేలాయి. వాళ్లు తిండి పెట్టకపోలేదు, అది ముట్టలేదు. దాంతో మేడ మీద అద్దెకుండే మామ్మగారే దిక్కయ్యారు. ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ. కొడుకు డల్లాస్‌లో. కుక్కలంటే ఆవిడకి ప్రేమేమీ లేదు. మల్లి పూలకుండీలు తవ్వుతుందని ఏళ్ల తరబడి ఫిర్యాదు.

"రెండ్రోజులేగా, వెళ్లిరండి" అన్నారు. అంతే.

ఇల్లాలు కాగితం మీద అన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ ఉడికించిన నీళ్లతో అన్నం. ఉల్లిపాయ, ద్రాక్షపళ్లు, చాక్లెట్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. కీళ్ల మాత్ర బెల్లంముక్కలో పెట్టివ్వాలి. చెవులు మందగించాయి, వెనకనుంచి వెళ్లి ముట్టుకోవద్దు. చివర్న పశువుల డాక్టరు నంబరు. శనివారం మధ్యాహ్నం కూడా ఫోన్లో మాట్లాడుకున్నారు. "జల్లు కొడుతోందని గ్రిల్‌కి పట్టా కట్టాను. మీ కుక్క నాకంటే సుఖంగా ఉంది" అన్నారు మామ్మగారు.

ఆ ఫ్రిజ్ ఉన్నది కింది అంతస్తులో.

అల్లుడు టీవీ పెట్టాడు. తెర మీద సింగ్‌నగర్ ఫ్లైఓవర్. దాని అవతల రోడ్డుండాల్సిన చోట పడవలు.

*

బుడమేరు గురించి బెజవాడలో పుట్టి పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మైలవరం వైపు కొండల్లో పడ్డ వాననంతా మోసుకొచ్చి కొల్లేట్లో పోసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, కాలువ తవ్వి, నీటిని కృష్ణలోకి మళ్లించారు. ఊరి మీదికి రాకుండా చేసిన ఏర్పాటది. ఆ వారాంతంలో వాన ఆగలేదు. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఏళ్లుగా ఇళ్లూ షెడ్లూ ఆక్రమించుకున్న పాత దారిని వాగు ఒక్క రాత్రిలో వెతుక్కుంది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, నందమూరి నగర్. జనం నిద్రలో ఉండగానే మంచాల కిందికి వచ్చేసింది.

హైదరాబాద్‌లో ఇంటాయనకి ఇవేవీ పట్టట్లేదు. ఒకటే లెక్క. బల్ల ఎత్తు అడుగున్నర. గ్రిల్ పైకప్పు దాకా ఉంది. లోపలున్నదానికి బయటపడే సందు లేదు. గ్రిల్‌కి తాళం తనే వేశాడు. కుక్కలదొంగలు తిరుగుతున్నారని, గట్టిదే కొని మరీ వేశాడు.

"నడవండి, పోదాం" అంది భార్య.

ఎలా పోతారు? మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. రాయనపాడు స్టేషన్ నీళ్లలో ఉంది. ఆదివారం రాత్రి వాళ్లెక్కాల్సిన రైలు రద్దు. రోడ్డు? ఐతవరం దగ్గర మునేరు హైవే మీదికెక్కింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. బస్సులు ఆపేశారు. కంట్రోల్ రూమ్ నంబరు కూతురు నొక్కుతూనే ఉంది, బిజీ బిజీ అని వస్తూనే ఉంది. ఒక్కసారి తగిలింది.

"ఎంతమంది చిక్కుకున్నారమ్మా?"

"ఒక పెద్దావిడ. ఒక... కుక్క."

అవతల రెండు క్షణాల మౌనం. "పెద్దావిడ అడ్రస్ చెప్పండి."

*

సోమవారం. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

మేడ మీద వాకిట్లో మామ్మగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కుడి అరచేతికి పాత చీరముక్క కట్టు. నీళ్లు పదకొండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. ఆవిడ కుర్చీ కింద, పాదాలకి డొక్క ఆనించి, మల్లి.

ఆ చీకట్లో నాలుగో తాళంచెవి పట్టింది. తాళం ఊడినా గ్రిల్ రాలేదు, నీళ్లు అవతలనుంచి నెడుతున్నాయి. భుజం పెట్టి తోశారు. జానెడు సందైంది. ఆ సందులోంచి పద్దెనిమిది కిలోల కుక్క ఒక్క దూకు దూకి ఆవిడ మీద పడింది. ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. చెయ్యి ఎప్పుడు కోసుకుందో ఆవిడకే తెలీదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మంచినీళ్ల క్యాన్లో సగమే ఉంది. బియ్యం, పప్పు, గ్యాస్ ఉన్నాయి. పెరుగు లేదు. మల్లికి వట్టన్నం ఎక్కలేదు. రెండు మారీ బిస్కెట్లు నలిపి కలిపితే తిన్నది. ఇంకో పేచీ. దానికి పుట్టి బుద్ధెరిగి గుమ్మం లోపల పాడుచేసే అలవాటు లేదు. ఆదివారమంతా బిగపట్టుకుని తిరిగింది. తలుపు దగ్గరికెళ్లడం, నీళ్లు చూడడం, వెనక్కి రావడం. సాయంత్రానికి ఒళ్లు వణికిపోతోంది. మామ్మగారు గొడుగేసుకుని డాబా మీదికి తీసుకెళ్లారు. డాబా అంతా చుట్టి చుట్టి, వాసన చూసి చూసి, చివరికి అది ఎంచుకున్న చోటు తులసికుండీ పక్కన.

"ఇంత డాబా ఉంటే అక్కడే దొరికిందా నీకు!" అని వానలోనే తిట్టారు. చెంబుతో నీళ్లు పోసి కడిగారు. తులసమ్మకి దణ్ణం పెట్టుకుని లెంపలేసుకున్నారు.

ఇప్పుడు వీధి మొగలో మోటారు చప్పుడు. నారింజరంగు రబ్బరు పడవ. లైఫ్ జాకెట్లేసుకున్న ఇద్దరు రక్షణ సిబ్బంది, దారి చూపించడానికి ఒక కుర్రాడు. పడవలో ఎనిమిదో నెల గర్భిణి, ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన.

"మామ్మా, దిగండి. ఒక్కరికి చోటుంది."

మామ్మగారు లేచారు. మల్లీ లేచింది.

కుర్రాడు సిబ్బందితో హిందీలో ఏదో మాట్లాడాడు. తల అడ్డంగా ఊపుతూ ఇటు తిరిగాడు. "కుక్కని ఎక్కించుకోరంట మామ్మా. పిల్లలున్నారు. అది బెదిరి కదిలిందంటే పడవ తిరగబడుద్ది. దానికింత తిండి పెట్టి వదిలేసి రండి."

"ఎన్నాళ్లకి సరిపడా పెట్టమంటావు?"

కుర్రాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. నీళ్లెప్పుడు తీస్తాయో ఎవరికి తెలుసు? రాతిగుండె మనుషులు కారు వాళ్లు. తెల్లారినప్పటినుంచీ ఎన్ని మేడల కింద ఆగారో, ఎన్ని చోట్ల ఇదే మాట చెప్పారో. గర్భిణి కళ్లు మూసుకుని పొట్ట పట్టుకుని ఉంది.

"నాదైతే ఆలోచిద్దును నాయనా. వాళ్లు నాకు అప్పజెప్పి వెళ్లారు. మీరు పదండి. ఆ పిల్లని ముందు ఒడ్డుకి చేర్చండి."

"మళ్లీ పడవ ఎప్పుడొస్తుందో చెప్పలేం మామ్మా!"

"బీపీ మాత్రలుంటే రెండివ్వు."

పడవలో మాత్రలు లేవు. నీళ్ల సీసాలు రెండు పైకి విసిరి వెళ్లిపోయారు. మోటారు చప్పుడు వీధి మలుపు తిరిగి సన్నగిల్లింది. మామ్మగారు లోపలికెళ్లి మందుల డబ్బా తెరిచారు.

అట్టలో ఒకే ఒక్క మాత్ర.

*

అదే సోమవారం పొద్దున అల్లుడి కార్లో ఇంటాయన, ఇల్లాలు బయల్దేరారు. నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి, మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు. దారి పొడుగునా వెనక్కి తిరిగిన బస్సులు, లారీలు. వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కార్లో మాటల్లేవు. పిడుగురాళ్ల దాటాక ఆమె ఒక్కసారి అంది: "తాళం ఎందుకేశారండీ?"

ఆయన జవాబు చెప్పలేదు.

చీకటి పడుతుండగా కనకదుర్గ వారధి ఎక్కారు. కింద కృష్ణ. ఇసుక తిన్నెలు లేవు, లంకలు లేవు. ఒడ్డు నుంచి ఒడ్డుకి ఎర్రటి నీళ్లు ఉరుకుతున్నాయి. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ డెబ్భై గేట్లూ ఎత్తేశారు. 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ కట్టాక అంత వరద రావడం అదే మొదటిసారి. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకే గుద్దుకున్నాయి.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద జాతర జనం. అంబులెన్సులు, పాల క్యాన్లు, తడిసిన బట్టలతో ఒడ్డున పడ్డవాళ్లు, లోపలున్న వాళ్ల పేర్లు చెప్పి ఏడుస్తున్నవాళ్లు. కొన్ని ప్రైవేటు పడవల వాళ్లు మనిషికింత అని బేరం పెడుతున్నారు. ఆయన జేబులో ఉన్నదంతా తీశాడు.

"డబ్బు సంగతి కాదన్నా. చీకట్లో కరెంటు స్తంభాలు కనపడవు. పొద్దున రండి."

లోపల దీపం లేదు. ఆ నల్లటి నీళ్లకేసి చూస్తూ ఇల్లాలు రెయిలింగు పట్టుకుని నిలబడింది. దూరంగా ఏదో కుక్క మొరిగింది. "మల్లేనండీ" అంది. ఆయన చెవులు రిక్కించాడు. ఇంకో వైపు నుంచి ఇంకోటి అందుకుంది. ఆపైన నాలుగు వైపులా. మేడల మీద చిక్కుకున్న కుక్కలన్నీ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి.

ఆ గోలలో ఒక మేడ మీద మాత్రం మల్లి గుర్రుమంటోంది. మెట్ల తలుపు దగ్గర నిలబడి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని. మామ్మగారు కొవ్వొత్తి పట్టుకుని తలుపు సందులోంచి చూశారు. పన్నెండో మెట్టు మీద, తడి మెరుస్తూ, చుట్టచుట్టుకుని పడుకుంది పాము.

ఆవిడ తలుపు మూసేశారు. సందులో తడిగుడ్డ కుక్కారు. ఆఖరి మాత్ర వేసుకున్నారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

*

మంగళవారం పొద్దున. నీళ్లు కాస్త తీశాయి, అయినా ఇంకా మనిషెత్తు. ఆకాశంలో డ్రోన్లు ఈగల్లా ముసిరాయి. ఒకటి డాబా మీదికొచ్చి తిండి పొట్లం దించింది. మల్లి దాని మీదికి ఎగిరి, గొంతు బొంగురుపోయేదాకా మొరిగింది. ఆ పొట్లంలో పులిహోర మామ్మగారు తిన్నారు. కుక్కకి మళ్లీ బిస్కెట్లే.

పాలప్యాకెట్లు పంచడానికి వెళ్తున్న వలంటీర్ల పడవలో ఇంటాయనకి చోటు దొరికింది. తెలిసిన వీధులే. ఒక్కటీ ఆనవాలు తెలియట్లేదు. కిరాణా కొట్టు బోర్డు చేతికందే ఎత్తులో ఉంది. కారు టాపు మీద కోళ్లు. చచ్చిన గేదె ఒకటి గోడకి ఆనుకుని తేలుతోంది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"అదిగో, నీలం రంగు ఇల్లు. అదే."

పోర్టికో గ్రిల్ పై అంచు మాత్రం నీళ్ల మీద కనిపిస్తోంది. దాని వెనక చెక్కబల్ల తలకిందులుగా తేలుతూ ఊచలకి కొట్టుకుంటోంది. ఊచకి చిక్కుకుని ఎర్రటి మెడపట్టీ.

మల్లిదే.

ఆయనకి పడవలో కాళ్లు నిలవలేదు. "మల్లీ!" అని అరిచాడు. జవాబు లేదు. "మల్లీ! మామ్మగారూ!" వలంటీర్ కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు తెడ్డు ఆపేశాడు.

పైన పిట్టగోడ మీదుగా నెరిసిన తల ఒకటి లేచింది.

"అరవకురా! రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఇప్పుడే పడుకుంది."

మెడపట్టీ ఆ రాత్రి గ్రిల్ సందులోంచి దూకేటప్పుడు తెగింది. చెవులు సరిగ్గా వినపడని మల్లి మాత్రం, ఆయన మెట్లెక్కి దగ్గరికొచ్చి, వాసన ముక్కుకి తగిలేదాకా లేవలేదు. లేచాక ఏం చేసిందో కుక్కని పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు.

పడవెక్కించడం ఇంకో యుద్ధం. మల్లి నీళ్లకేసి చూసి నాలుగు కాళ్లూ తన్నిపెట్టింది. చివరికి మామ్మగారి బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు ఖాళీ చేసి, అందులో దుప్పటి పరిచి, దాన్ని కూర్చోబెట్టి, టబ్బుతో సహా దించారు. ఫ్లైఓవర్ దగ్గర ఇల్లాలు మామ్మగారి కాళ్ల మీద పడబోయింది.

"ముందు నాకు బీపీ చూపించు తల్లీ. తల తిరుగుతోంది" అన్నారు మామ్మగారు.

మెడికల్ క్యాంపులో డాక్టరమ్మ యంత్రంలో అంకె చూసి, మళ్లీ కట్టి, మళ్లీ చూసింది. "సోమవారమే పడవొచ్చిందటగా? ఎందుకెక్కలేదు?" మామ్మగారు వినపడనట్టు అటు తిరిగారు. అరచేతి గాయానికి కుట్లు, టీటీ ఇంజెక్షన్.

గాయంతో వరద నీళ్లలో దిగితే లెప్టోస్పైరోసిస్ భయం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి మనుషులకీ వస్తుంది, పశువులకీ వస్తుంది. మల్లికి ఏటేటా వేయించే టీకాలో దానికి రక్షణ ఉంది. అయినా గుంటూరులో చూసిన పశువుల డాక్టరు మందు రాశాడు. డాక్సీసైక్లిన్. డాక్టరమ్మ మామ్మగారికిచ్చిందీ అదే. గుంటూరులో ఇల్లాలి తమ్ముడింట్లో పూటపూటకీ రెండు పళ్లేల్లో రెండు మాత్రలు. మల్లి బెల్లంతో మింగేది. మామ్మగారు బెల్లం లేకుండా, విసుక్కుంటూ మింగేవారు.

సెప్టెంబర్ 7న సైన్యం కూడా చెయ్యివేశాక బుడమేరు మూడో గండి పూడింది. నీళ్లు తీశాక ఫైరింజన్లొచ్చి ఇళ్లలో బురద కడిగాయి. ఫ్రిజ్ వాకిట్లో వెల్లకిలా పడి ఉంది. దాని మీద కాగితం జాడ లేదు. ఇంటాయన చేసిన మొదటి పని, గ్రిల్‌కి తాళం వేసే కొండీలు కోయించెయ్యడం. ఇప్పుడక్కడ ఉత్త గడియ మాత్రమే ఉంది, లోపలికీ బయటికీ తిరిగేది. కొత్త కాగితం మేడ మీద మామ్మగారి బీరువాకి ఒకటి, ఎదురింట్లో ఒకటి. మల్లి మాత్రల పక్కనే మామ్మగారి మాత్రల పేర్లూ ఉన్నాయి, డల్లాస్ నంబరూ ఉంది.

ఆ డల్లాస్ కొడుకు వీడియో కాల్లో గంటసేపు అరిచాడట. కుక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని. అంతా విని మామ్మగారు ఫోను పెట్టేసి, కింద బురద కడుగుతున్న ఇల్లాలిని కేకేశారు.

"అమ్మాయ్! మీ కుక్క నా మారీ బిస్కెట్లు అయిదు ప్యాకెట్లు తినేసింది. లెక్క రాసిపెట్టుకో. నాకు షాపులు తెరవగానే కావాలి."